కొసలు లేని దారము: పెద్దప్రేవు క్యాన్సరులో వలయ ఆర్.ఎన్.ఏ.

పెద్దప్రేవు క్యాన్సరును గూర్చి మేము ప్రసారము చేసిన ప్రసంగమునకు కొంత విస్తరించిన పాఠమిది. అందు మాటిమాటికి వచ్చిన ‘వలయ ఆర్.ఎన్.ఏ.’ అను మాట చెవితో విన్నంతనే మనసునకు పట్టునది కాదు. కంటితో నిదానముగా చదువుకొన్నచో అంత కఠినమైన విషయమును కాదు. పైగా, రక్తపరీక్ష ఒక్కటి చాలును, ప్రేవులోని క్యాన్సరును పట్టి యిచ్చెదమను వార్తలు తఱచుగా వినబడుచున్న ఈ కాలమున, ఆ వార్తల వెనుక ఉన్నదెంత, లేనిదెంత అని గృహస్థులు తెలిసికొనుట అవసరము.

మొదట రోగమును గూర్చి రెండు మాటలు. 2022వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 19 లక్షలమందికి పెద్దప్రేవునందో, దాని చివరిభాగమైన పురీషనాళమునందో క్యాన్సరు క్రొత్తగా బయటపడినట్లును, ఆ యేడాదిలో సుమారు 9 లక్షలమంది దానివలన మరణించినట్లును అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ లెక్కకట్టినది. వ్యాప్తిలో అన్ని క్యాన్సర్లలోను ఇది మూడవది. ప్రాణములు తీయుటలో రెండవది. పడమటి దేశములలో ఉన్నంతగా మన దేశమున లేదు. ఐనను ఉన్నచోట తఱచుగా ఆలస్యముగా బయటపడుచున్నది. మలములో నెత్తురు కనబడగానే మన యిండ్లలో మొదట తోచునది మూలశంక. కారము మాని, మజ్జిగ త్రాగి, కరక్కాయ నమలి నెలలు గడుపుదురు. మూలశంకయే కావచ్చును, చాలమందికి అదియే. కాని అది కానివారు కొందఱుందురు. వారికి ఆ నెలలు మిక్కిలి విలువైనవి.

ఏలయనగా ఈ రోగమునందు ఒక్క మేలు కలదు. ఇది నెమ్మదిగా పెరుగును. ప్రేవు లోపలి పొరమీద మొదట చిన్న బుడిపె లేచును. దానిని వైద్యులు పాలిప్ అందురు. బుడిపెలలో అధికభాగము బుడిపెలుగానే ఉండిపోవును. ఏదో ఒకటి మాత్రము పదియేండ్లో, అంతకు మించియో గడచిన పిమ్మట క్యాన్సరుగా మాఱును. అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమందు ఎరిక్ ఫియరన్, బెర్ట్ వోగెల్‌స్టీన్ అను శాస్త్రజ్ఞులు 1990లో ఈ మార్పును మెట్లు మెట్లుగా వివరించిరి. ఒక జన్యువు చెడినంతమాత్రమున క్యాన్సరు రాదు. ఒకదాని వెంట ఒకటిగా పలు జన్యువులు చెడవలెనని వారి సిద్ధాంతము. అట్లు చెడునని వారు అనుమానించినవానిలో ఒకటి పదునెనిమిదవ క్రోమోజోముమీద ఉన్నది. పెద్దప్రేవు క్యాన్సర్లలో ఆ భాగము తఱచుగా లోపించుటచేత దానికి ఆ అర్థము వచ్చునట్లుగా డి.సి.సి. అని పేరు పెట్టిరి. ఆ జన్యువు నిజముగా దోషియా, కాదా అను వాదము తరువాత చాలకాలము నడచినది. అది మన కథకు అక్కఱలేదు. దానిని పరిశీలించుచుండగా 1991లో కనబడిన వింత మనకు కావలెను.

ఆ వింత తెలియవలెనన్న, కణములో ఆజ్ఞ ఎట్లు పుట్టి ఎట్లు నడచునో కొంచెము చెప్పుకొనవలెను. కణకేంద్రకములోని డి.ఎన్.ఏ. భాండాగారమున భద్రపఱచిన తాళపత్ర గ్రంథము వంటిది. అది బయటకు రాదు. ఏదైన ఒక మాంసకృత్తును తయారుచేయవలసి వచ్చినపుడు ఆ గ్రంథములో దానికి సంబంధించిన అధ్యాయమునకు మాత్రము నకలు తీయబడును. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. అధ్యాయమంతయు పనికివచ్చు పాఠము కాదు. నడుమనడుమ పాఠముతో సంబంధములేని పొడవైన భాగములుండును, వానిని ఇంట్రానులందురు. పనికివచ్చు ముక్కలు ఎగ్జానులు. ఇంట్రానులను కత్తిరించివేసి, ఎగ్జానులను ఒకదాని చివర ఒకటిగా అతికించి, అటుపిమ్మట ఆ నకలును కేంద్రకము వెలుపలకు పంపుట కణము నిత్యము చేయు పని. ఈ కత్తిరింపును ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ 1977లో వేర్వేఱుగా కనుగొనిరి. 1993లో వారికి నోబెలు బహుమానము లభించినది. ఇట్లు సిద్ధమైన దారమునకు ముందుకొసన టోపీ వంటి రసాయనపు మూతయు, వెనుకకొసన అడినైను అను ఒకే పదార్థము వరుసగా చేరిన తోకయు ఉండును. అవి కొసలను కాపాడును. అవి ఊడినచో కణములోని ఎంజైములు, చెదలు పట్టినట్లుగా, కొసనుండి తినుచు వచ్చును.

ఎగ్జానులు వరుస తప్పవని అందఱి నమ్మకము. 1, 2, 3, 4 అను ముక్కలలో నడిమిది ఒకటి విడిచిపోవచ్చును గాని, 4 తరువాత 3 వచ్చుట లేదు. వోగెల్‌స్టీన్ బృందమువారు డి.సి.సి. నకళ్లను మిక్కిలి సూక్ష్మమైన పద్ధతితో పరీక్షింపగా, అట్లు వరుస తప్పిన నకళ్లు నాలుగు రకములు బయటపడినవి. అతుకు సరిగా అతుకవలసిన చోటనే ఉన్నది. వరుస మాత్రము తలక్రిందులు. అవి క్యాన్సరు కణములలోను, ఆరోగ్యవంతమైన కణములలోను, మానవులవానిలోను, ఎలుకజాతివానిలోను కొద్దికొద్దిగా కనబడినవి. వానిలో అధికభాగమునకు తోక లేదు. ఇది క్రొత్తరకపు ఆర్.ఎన్.ఏ. అని వారు ప్రకటించిరి. శాస్త్రలోకము అంతగా పట్టించుకొనలేదు. వ్రాయసగాని చేయి జాఱి పడిన తప్పు వంటిదని పలువురు భావించిరి.

తోక లేకుండుటకు కారణము పిమ్మట స్పష్టమైనది. పూలదండను తలచుకొనుడు. మూరెడు దండకు రెండు కొసలుండును. ఏ పువ్వు మొదటిదో, ఏది చివరిదో చెప్పవచ్చును. ఆ కొసలు రెంటిని కలిపి ముడివేసినచో దండ వలయమగును. ముడిదగ్గఱ చూచినవానికి చివరి పువ్వు తరువాత మొదటి పువ్వు వచ్చినట్లు తోచును. 4 తరువాత 3 వచ్చుట అనగా ఇదియే. అది వరుస తప్పిన దారము కాదు, కొసలు కలిసిన వలయము. తోక కట్టుటకు దానికి కొసయే లేదు.

ఇట్టి వలయములు అంతకుముందు బొత్తిగా తెలియనివి కావు. బంగాళాదుంప మొక్కలకు తెగులు తెచ్చు వైరాయిడు అనునది వలయాకారపు ఆర్.ఎన్.ఏ. మాత్రమేనని జర్మనీలో హైన్జ్ సెంగర్ మొదలగువారు 1976లో చూపిరి. 1979లో సూ, కోకాప్రాడోస్ అను ఇరువురు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో ఉన్నతజీవుల కణములలోను వలయములను చూచిరి. ఐనను ముప్పదియేండ్లపాటు ఇవి అరుదైనవనియే అందఱును తలచుచు వచ్చిరి. అందులకు నవ్వువచ్చు కారణమొకటి కలదు. కణమునుండి ఆర్.ఎన్.ఏ.ను వేఱుచేయుటకు పరిశోధనాలయములలో ఎక్కువగా వాడుచుండిన పద్ధతి, తోకను పట్టుకొని లాగుట. తోకలేని వలయములు ఆ గాలమునకు తగులక, కడుగునీళ్లతో బియ్యము పోయినట్లు, పోవుచుండెను. 2012లో అమెరికాలో జూలియా సాల్జ్‌మన్ మొదలగువారు తోకతో నిమిత్తము లేకుండ ఆర్.ఎన్.ఏ.ను యంత్రములచేత చదివించి చూడగా, వందలకొలది మానవ జన్యువులకు వలయములే ప్రధానమైన నకళ్లని తేలినది.

కొసలు లేవు గనుక చెదలకు ఆరంభము దొరకదు. దారము గంటలు బ్రదుకుచోట వలయము దినములు బ్రదుకును. అంత గట్టిది, అన్ని కణములలో ఉన్నది, మఱి అది చేయు పనియేమి? 2013లో బెర్లినులోని నికొలాస్ రాయెవ్‌స్కీ బృందమును, డెన్మార్కులోని ఆర్హుస్ నగరమున యోర్గెన్ కెమ్స్ బృందమును ఒకేమాఱు ఒక సమాధానము చెప్పిరి. వారు ఎన్నుకొన్న వలయమునకు సి.ఐ.ఆర్.ఎస్.-7 అని పేరు. మెదడులో సమృద్ధిగా ఉండు ఈ వలయము పొడవు సుమారు 1,500 అక్షరములు. అందు మిర్-7 అను సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. వచ్చి అతుకుకొనుటకు 70కి పైగా స్థానములున్నవి. సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. అనగా 22 అక్షరముల ప్రమాణము గల చిన్న ముక్క. కొన్ని జన్యువుల నకళ్లను పట్టుకొని వాని నోరు మూయించుట దాని పని. ఊరి తలారులనందఱిని ఒక పెండ్లిపందిరిలో విందునకు కూర్చుండబెట్టినచో వీధులలో అడ్డగించువారు ఉండనట్లు, వలయము ఈ ముక్కలను తన చుట్టు నిలిపివేసినచో అణగియుండవలసిన జన్యువులు విజృంభించును. నీటిని పీల్చు స్పాంజివలె పీల్చునని దీనికి స్పాంజి సిద్ధాంతమని పేరు వచ్చినది.

పెద్దప్రేవు క్యాన్సరునకు ఈ సిద్ధాంతము కుదిరినట్లుగా మఱి దేనికిని కుదరలేదనిపించినది. మిర్-7 అణచిపెట్టు జన్యువులలో ఇ.జి.ఎఫ్.ఆర్., ఆర్.ఏ.ఎఫ్.-1 అనునవి ఉన్నవి. కణమునకు ‘పెరుగుము, రెండుగా చీలుము’ అను ఆజ్ఞను లోపలకు చేరవేయునవి అవియే. 2017లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, రోగులనుండి తీసిన క్యాన్సరు ముక్కలలో సి.ఐ.ఆర్.ఎస్.-7 అధికముగా ఉన్నట్లును, అది అధికముగా ఉన్నవారు తక్కువకాలము జీవించినట్లును తేలినది. కథ పూర్తియైనట్లే ఉన్నది. వలయము హెచ్చును, మిర్-7 చిక్కుకొనును, పెరుగుదల ఆజ్ఞకు అడ్డు తొలగును, క్యాన్సరు ముదురును.

అటుపిమ్మట ఇతర వలయములు వరుసగా వచ్చినవి. సి.సి.డి.సి.-66 అను జన్యువునుండి పుట్టు వలయము క్యాన్సరులోనే గాక బుడిపె దశలోనే హెచ్చుచున్నదని తైవానులోని పరిశోధకులు 2017లో చూపిరి. దానిని అణచినచో క్యాన్సరు కణముల పెరుగుదల తగ్గినది. 2019లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమునుండి వచ్చిన పరిశోధన ఇంకను ఆసక్తికరమైనది. పెద్దప్రేవునుండి బయలుదేఱు నెత్తురు మొదట కాలేయమునకు చేరును. అందువలన ఈ క్యాన్సరు వ్యాపించునపుడు ఎక్కువగా కాలేయమునందే విడిది చేయును. రోగి ప్రాణమునకు ముప్పు తెచ్చునది తఱచుగా అదియే. అట్లు కాలేయమునకు ప్రాకిన క్యాన్సరులో ఎన్.ఎస్.యు.ఎన్.-2 అను వలయము హెచ్చుగా ఉన్నది. దానిమీద ఒక చిన్న రసాయనపు గుర్తు ఉండును. ఆ గుర్తు కేంద్రకమునుండి వెలుపలకు పోవుటకు అనుమతిచీటి వంటిది. వెలుపలకు వచ్చిన వలయము ఒక మాంసకృత్తును, హెచ్.ఎం.జి.ఏ.-2 అను వేఱొక జన్యువుయొక్క నకలును కలిపి కట్టకట్టును. ఆ నకలు చెడక నిలుచుటచే కణము తన చోటును వదలి సంచరించు స్వభావమును పొందును. ఇచ్చట వలయము స్పాంజి కాదు, కట్టుత్రాడు. కొన్ని వలయములు తామే చిన్న మాంసకృత్తును పుట్టించుననియు తెలియవచ్చినది. పెద్దప్రేవు క్యాన్సరులోనే 73 అమైనో ఆమ్లముల పొడవుగల అట్టిదానిని 2019లో వర్ణించిరి. అన్నియు ద్రోహులే అనుకొనరాదు. ఐ.టి.జి.ఏ.-7 జన్యువుయొక్క వలయము క్యాన్సరును అడ్డగించునదిగా 2018లో వర్ణింపబడినది.

ఇట్టి వ్యాసములు తరువాత లెక్కకు మిక్కిలిగా వెలువడినవి. వానిలో పెక్కు ఒకే అచ్చున పోసినట్లుండును: ఒక వలయము, అది పీల్చు ఒక సూక్ష్మ ఆర్.ఎన్.ఏ., విడుదలయగు ఒక జన్యువు. ఈ అచ్చును మేము కొంత సందేహముతో చూచుచున్నాము. డెబ్బది స్థానములున్న వలయము తలారులను నిలుపగలదనుట నమ్మదగినది. ఒకటి రెండు స్థానములే ఉండి, కణమునకు నాలుగైదు ప్రతులు మాత్రమే ఉన్న వలయము వేలకొలది సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.లను పీల్చివేయుననుట లెక్కకు నిలువదు.

సందేహమునకు ఆధారములు మొదటినుండియు ఉన్నవి. 2015లో వియన్నా వైద్య విశ్వవిద్యాలయమువారు ప్రేవునందలి ఆరోగ్యకరమైన పొరను, అదే రోగి క్యాన్సరు ముక్కను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చిరి. దారములతో పోల్చిచూడగా వలయములు మొత్తముమీద క్యాన్సరులో తక్కువగా ఉన్నవి. పరిశోధనాలయమున పెంచుచున్న క్యాన్సరు కణములలో ఇంకను తక్కువ. దీనికి వారు చెప్పిన కారణము సులభమైనది. వలయములు నెమ్మదిగా పుట్టి నెమ్మదిగా ప్రోగగును. కణము చీలినప్పుడెల్ల ఉన్నవానిని ఇద్దఱు బిడ్డలు పంచుకొందురు. ఆగక చీలు కణములో గాదె నిండుటకు వ్యవధి యేది? అట్లైనచో వలయముల హెచ్చుతగ్గులు కొంతవఱకు క్యాన్సరునకు కారణములు గాక, కేవలము ఫలితములు కావచ్చును.

రెండవ ఆధారము మఱింత గట్టిది. అది ఆర్హుస్ నగరమునుండియే, స్పాంజి సిద్ధాంతమును చెప్పిన కెమ్స్, హాన్సెన్ మొదలగువారితో కూడిన బృందమునుండియే 2020లో వచ్చినది. శస్త్రవైద్యుడు కోసి తీసిన క్యాన్సరు ముక్కలో ఉన్నదంతయు క్యాన్సరు కాదు. అందు నెత్తురు నాళములు, పీచుకణములు, కండరపు పోగులు మొదలగు ఆధారకణజాలము అల్లుకొని ఉండును. అంతవఱకు పెక్కుమంది ఆ ముక్కను రుబ్బి, ద్రవముగా చేసి, అందులో వలయమెంత ఉన్నదని కొలుచుచుండిరి. రుబ్బిన పచ్చడిలో ఉప్పు ఎక్కువైనదని చెప్పవచ్చును గాని, అది చింతకాయ వెంట వచ్చినదో, విడిగా వేసినదో చెప్పలేము గదా. క్రిస్టెన్సెన్ మొదలగు ఆర్హుస్ పరిశోధకులు ముక్కను రుబ్బలేదు. పలుచని పొరలుగా కోసి, వలయమున్న చోట మాత్రమే రంగు పట్టునట్లు చేసి, సూక్ష్మదర్శినిలో చూచిరి. పెద్దప్రేవు క్యాన్సరు కణములలో సి.ఐ.ఆర్.ఎస్.-7 లేనేలేదు. రంగంతయు చుట్టునున్న ఆధారకణములలో ఉన్నది!

దీని భావము తీవ్రమైనది. క్యాన్సరు కణములో లేని వలయము ఆ కణములోని మిర్-7ను పీల్చుట అసంభవము. మఱి 2017లో ఆ వలయము అధికముగా ఉన్న రోగులు తక్కువకాలము జీవించుట ఎట్లు? ఆధారకణజాలము దట్టముగా అల్లుకొన్న పెద్దప్రేవు క్యాన్సర్లు సామాన్యముగా మొండివని వేఱు పరిశోధనలవలన తెలియుచున్నది. ఆ వలయము అధికముగా కనబడుట, ఆ ముక్కలో ఇరుగుపొరుగు కణములు అధికముగా ఉన్నవని చెప్పు గుర్తు మాత్రమే కావచ్చును. సాక్షిగా అది ఇప్పటికిని పనికిరావచ్చును. దోషి అనుటకు మాత్రము ఆధారము పోయినది. తమ పేరును నలుదెసల వ్యాపింపజేసిన వలయమును తామే పరీక్షకు నిలిపి, ప్రతికూలమైన ఫలితమును దాచక అచ్చువేసినందుకు ఆ పరిశోధకులను మెచ్చుకొనవలెను. అంతటినుండి ఈ విషయమును పరిశోధించువారిని, ‘మీ వలయము ఏ కణములో ఉన్నది?’ అని అడుగుటకు అందఱికిని హక్కు వచ్చినది.

ఇక రక్తపరీక్ష మాట. వలయము దోషి కాకున్నను, మంచి సాక్షి యైనచో వైద్యునకు చాలును. కణములు ఎక్సోసోములను అతిచిన్న తిత్తులను నెత్తురులోనికి విడుచుచుండును. ఆ తిత్తులలో వలయములు చెడకుండ ఉండునని షాంఘైలోని పరిశోధకులు 2015లో కనుగొనిరి. పెద్దప్రేవు క్యాన్సరు గలవారి నెత్తురులోని వలయములకును, ఆరోగ్యవంతుల నెత్తురులోనివానికిని భేదమున్నదని చూపిరి. దారము చెడిపోవుచోట వలయము నిలుచును గనుక ఈ ఆశకు అర్థము కలదు. కాని నెత్తురులో వలయములకు పెద్ద నిలయము మఱొకటి ఉన్నది. గాయమైనపుడు నెత్తురును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లకు కేంద్రకము లేదు. క్రొత్త నకళ్లు పుట్టవు. ఉన్న దారములు చెడిపోగా వలయములు మిగులును. తీసిన నెత్తురును జాగ్రత్తగా వడగట్టనిచో, ప్లేట్‌లెట్ల వలయములనే క్యాన్సరు వలయములని పొరబడవచ్చును. పైగా, క్యాన్సరు ముదిరినవారి నెత్తురును ఆరోగ్యవంతుల నెత్తురునుండి వేఱుపఱచుట ఒక ఎత్తు. బుడిపె దశలోనే, నొప్పిలేని మనిషిలో, దానిని గుర్తించుట వేఱొక ఎత్తు. ప్రాణము నిలుపునది రెండవది. వలయములను కొలిచి పెద్దప్రేవు క్యాన్సరును నిర్ణయించు పరీక్ష నిత్యవైద్యములో ఇంకను ప్రవేశింపలేదు. అట్టిది ఉన్నదని డబ్బు కట్టించుకొనువారు ఎవరైన కనబడినచో సంశయింపవలెను.

ప్రస్తుతము వాడుకలో ఉన్నవానిలో ముఖ్యమైనవి రెండు. మలములో కంటికి కనబడని నెత్తురును పట్టు పరీక్ష ఒకటి. ఇది చౌక, ఇంటివద్దనే నమూనా తీసి యీయవచ్చును. పలు దేశములలో 45 లేక 50 యేండ్లు దాటినవారికి దీనిని క్రమముగా జరుపుచున్నారు. తండ్రికో, తల్లికో, తోబుట్టువునకో ఈ రోగము వచ్చియున్నవారు అంతకు ముందుగానే వైద్యుని సంప్రదింపవలెను. రెండవది కొలనోస్కోపు, చివర దీపమును, కెమెరాయు గల వంగెడి గొట్టమును ప్రేవులోనికి పంపి లోపలి పొరనంతయు చూచుట. ముందునాడు భేదిమందు పుచ్చుకొని ప్రేవును ఖాళీ చేసికొనవలెను. అందఱును విసుగుకొనునది ఆ భాగమునకే. చూచుచుండగా బుడిపె కనబడినచో, వైద్యుడు ఆ గొట్టముగుండనే సన్నని తీగ ఉచ్చును పంపి, బుడిపె మొదట బిగించి, అప్పుడే తీసివేయగలడు. తీసిన ముక్కను పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించుటకు పంపుదురు.